చక్కెర లేని జీవితచరిత్ర

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. లోకంలో తెలుసుకోదగ్గదంతా నిజామాబాద్‌లో నేను పోయే గ్రంథాలయంలో ఆరు బీరువాల్లో సర్ది ఉందనీ, వాటిలో నాలుగున్నర బీరువాలు నేను అప్పటికే చదివేశాననీ, మిగిలిన ఒకటిన్నర పూర్తయ్యాక ఏం చెయ్యాలన్నదే నా ముందున్న అసలు సమస్య అనీ గట్టిగా నమ్మేదాన్ని. డిగ్రీ రెండో ఏడు దగ్గర ఆగిపోయింది (ఆగిపోయిందంటే, ఇంగ్లిషు పరీక్ష ఆపింది). పొద్దున అమ్మతో కూచుని బీడీలు చుట్టడం, పదింటికి బస్టాండు వెనక డీటీపీ సెంటరులో టైపు కొట్టడం, సాయంత్రం గ్రంథాలయంలో ఫ్యాను కింది బల్ల దగ్గరికి చేరడం, ఇదీ నా దినచర్య. ఆ బల్ల దగ్గర నా కుర్చీలో ఇంకెవరైనా కూచుంటే పక్కనే నిలబడి వాళ్లనే చూస్తుండేదాన్ని, కాసేపటికి వాళ్లే లేచిపోయేవాళ్లు. ఇవాళ తలుచుకుంటే ఆ పిల్ల మీద కోపం రాదు. అంతటి నమ్మకం నాకు మళ్లీ దేనిమీదా కలగలేదు గనక కాస్త అసూయే కలుగుతుంది.

మా డీటీపీ సెంటరు ఓనరును బజారంతా అన్న అనేది, నేనూ అన్న అనే పిలిచేదాన్ని. ఆయన మాత్రం నన్ను పేరుతో పిలవడం ఎప్పుడో మానేసి “లైబ్రరీ” అనేవాడు. “లైబ్రరీ, ఛాయ్ చెప్పిరా”, “లైబ్రరీ, మిషిన్ల కాగితం ఇర్కింది, సూడు”. అందులోని వెక్కిరింపు నాకు అర్థం కాలేదని కాదు, బిరుదు బిరుదే కదా అని ఊరుకునేదాన్ని. చేతికి వచ్చిన ఏ కాగితాన్నీ ఉన్నదున్నట్టు టైపు చేసే అలవాటు నాకు లేదు. ఒకసారి ధర్పల్లి నుంచి ఒకాయన బర్రె తప్పిపోయిందని కరపత్రం కొట్టించుకోవడానికి వచ్చాడు. ఆయన చెప్పింది మూడే ముక్కలు: బర్రె నల్లగ ఉంటది, ఒక కొమ్ము వంకర, దొరికితె ఫోన్ చెయ్యిండ్రి. నేను దాన్ని “నిగనిగలాడు మేనిఛాయ, విశాల నేత్రములు, మందగమనము గల మహిషము” అని సాగదీసి, వంకర కొమ్ము సంగతి ఎక్కడా అందంగా కుదరక తీసేశాను. అన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. చివరికి, “ఇది బర్రెనా, పెండ్లిపిల్లనా?” అన్నాడు. “గీ కాగితం పట్టుకోని దేవులాడితె బర్రె దొరుకుతదా? గా కొమ్మేది?” (కొమ్ములు తీసేసే నా జబ్బు ఆ రోజుతో పోయి ఉంటే ఈ జ్ఞాపకం రాయవలసిన పనే లేదు.)

ఆ వానాకాలంలోనే ఒకనాడు టీచరక్క వచ్చింది. బోధన్‌లో బడిపిల్లలకు పాఠాలు చెప్పే మనిషి, పరీక్ష పేపర్లు మా దగ్గరే కొట్టించేది. ఆ రోజు పేపర్లు తీసుకున్నాక కూడా కదలకుండా నిలబడింది.

“అన్నా, మీ కాడ తెలుగు మంచిగ రాసేటోళ్లు ఎవరన్న ఉన్నరా?”

“మంచిగ రాసేటోళ్లు లేరు గని, మస్తు రాసే పిల్ల ఒకతున్నది” అని అన్న నా వైపు గడ్డం ఎగరేశాడు.

టీచరక్క సంగతి చెప్పింది. వాళ్ల తాత ఆమె దగ్గరే ఉంటాడు. తొంభై ఏళ్లు దాటాయి, ఎన్ని దాటాయో ఆయనకే తెలియదు. చక్కెర ఫ్యాక్టరీలో నలభై సీజన్లు (ఏటా చెరుకు ఆడే కొన్ని నెలలు ఒక సీజన్) పనిచేశాడు. అవ్వ పోయి ఏడాది కావస్తోంది. “అప్పటిసంది ఒక్కటే పోరు, చెల్లె. నేను చెప్తుంటె రాసేటోళ్లను తోల్కరా, పెత్రమాస లోపల గావాలె అంటడు. నేనే రాస్త తాతా అంటె, నువ్వు బడికి ఉర్కుతవ్, నీకు నిదానం లేదంటడు.”

పెత్రమాస అంటే మా దిక్కు బతుకమ్మ మొదలయ్యే నాటి అమావాస్య. పోయినవాళ్ల పేరు మీద వండి, ఫోటో ముందు వడ్డించి, వాళ్లు తిన్నారనుకున్నాక మనం తినే రోజు. దానికి ఇంకా ఎనిమిది ఆదివారాలున్నాయి. తాత ఏం చెప్పాలనుకుంటున్నాడో టీచరక్క ఆయన్ని అడగలేదు, నేనూ ఆమెను అడగలేదు. తొంభై దాటిన మనిషి కూచుని చెప్తాడంటే అది ఏమిటో నాకు తెలియదా? “దాన్ని జీవితచరిత్ర అంటరక్కా” అన్నాను. “నాకు ఇడిచిపెట్టు.”

ఆ వారమంతా గ్రంథాలయంలో జీవితచరిత్రల అర మీద పడ్డాను. గొప్పవాళ్లందరి బతుకులూ ఒకే పద్ధతిలో నడిచాయని కనిపెట్టాను. మొదట పేద బాల్యం, తరువాత ఒక గురువు, ఆ తరువాత ఒక పెద్ద కష్టం, చివర్లో యువతరానికి సందేశం. దాని ప్రకారం అరవై నాలుగు ప్రశ్నలు తయారు చేసి, ముఖ్యమైన వాటి కింద ఎర్ర సిరాతో గీతలు గీసి, ఆదివారం పొద్దున్నే బోధన్ బస్సెక్కాను. ఎడపల్లి దాటాక రోడ్డు పక్కన అక్కడక్కడా చెరుకు తోటలు కనబడుతుంటే, వాటిని కూడా మొదటి అధ్యాయంలో ఎలా వర్ణించాలా అని చూసుకుంటూ పోయాను.

టీచరక్క ఇల్లు శక్కర్‌నగర్ వైపు ఉండేది. వాకిట్లో నిలబడితే ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడేది, అందులోంచి పొగ రాక అప్పటికే ఏళ్లయింది. తాత మంచం మీద గోడకు ఆనుకుని కూచుని ఉన్నాడు. సన్నటి మనిషి, తెల్ల ధోతి, చేతుల బనీను. చూపు బాగానే ఉండేది, చెవులు మాత్రం తమకు ఇష్టమైనవే వినేవి. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఎప్పుడూ ఒకదానితో ఒకటి రాసుకుంటూ, మెల్లగా విడిపోతూ, మళ్లీ కలుస్తూ ఉండేవి, కనబడని దారమేదో లాగుతున్నట్టు. ఫ్యాక్టరీలో ఆయన పనే అది. ఉడుకుతున్న రసంలోంచి చుక్క తీసి, రెండు వేళ్ల మధ్య సాగదీసి, పాకం వచ్చిందో లేదో చెప్పాలి. ఆయన చెప్పేదాకా ఆ రసం చక్కెర కాదు. కాలనీ అంతా ఆయన్ని పాకం తాత అనేది.

నా ఫోనుకు ఛార్జింగు నిలిచేది కాదు. ప్లగ్గు ఎదురు గోడకు, అవ్వ ఫోటో కింద ఉంది. అందుకని నా కుర్చీ సరిగ్గా అక్కడే, ఫోటో నా తల మీదికి వచ్చేటట్టు వేసుకున్నాను. ఫోను ఛార్జింగుకు పెట్టి, రికార్డింగు బటన్ నొక్కి, గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న చదివాను.

“మీ జన్మస్థలం, బాల్యం గురించి సవివరంగా తెలపండి.”

తాత మనవరాలి వైపు చూశాడు. “ఏమంటున్నది?”

“యాడ పుట్టినవ్ తాతా అంటున్నది.”

“వేల్పూర్ దిక్కు. పుట్టిన. అయిపాయె.” వేళ్లు రాసుకున్నాడు. “రాసినవా?”

“మిమ్మల్ని ప్రభావితం చేసిన గురువు ఎవరు?”

టీచరక్క దీన్నీ తెలుగులోకి మార్చింది. “మా మేస్త్రి” అన్నాడు తాత. “పాకం సరిగ్గ సూడకపోతె ఏళ్ల మీద కొట్టేటోడు.”

“మీ జీవితంలో ఎదురైన మహా సంక్షోభం?”

దీనికి మాత్రం నాలుకతో చిగుళ్లు తడుముకున్నాడు. “పండ్లు వొయినయ్” అన్నాడు. “చెరుకు నమలరాదు.”

అరవై నాలుగు ప్రశ్నలు పదకొండు నిమిషాల్లో అయిపోయాయి. నేను కాగితాలు ముందుకూ వెనక్కూ తిప్పుకుంటుంటే తాత మంచం మీద కాస్త ముందుకు జరిగాడు. “నీ సదువుడు అయిపాయెనా? ఇగ నేను చెప్త, రాసుకో. చెరుకు బండి గేటు కాడికి వచ్చింది అనుకో.”

ఆ ఆదివారం చెరుకు బండి గేటు దాటి కాంటా దాకా వచ్చి ఆగింది. తరువాతి ఆదివారం చెరుకు కత్తుల కింద ముక్కలై, గానుగల మధ్య నలిగి, రసం ఒక దిక్కు, పిప్పి ఒక దిక్కు పోయాయి. మూడో ఆదివారం రసంలో సున్నం కలిసింది. నాలుగో ఆదివారం గంధకం పొగ పట్టింది. ఆయనకు తొందర లేదు. ఫ్యాక్టరీలో రసం ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి ఎంతసేపట్లో పోయేదో, మాటలో కూడా అంతసేపట్లోనే పోయేది. మధ్యమధ్య ఆగి “ఇంటున్నవానే?” అనేవాడు. “వింటున్న తాతా” అనేదాన్ని నేను. నా జవాబు అడ్డం వచ్చినట్టు ముఖం పెట్టి మళ్లీ అందుకునేవాడు. ఎంత చెప్పినా ఆయన చూపు నా మీద ఉండేది కాదు, నా తలకు జానెడు పైన నిలిచి ఉండేది. గొప్పవాళ్లు గతం తలుచుకునేటప్పుడు అలాగే చూస్తారని నేను చదివాను గనక, నోటుబుక్కులో “వక్త దృష్టి అనంత శూన్యంలో లీనమైనది” అని రాసుకున్నాను.

ఒకసారి ఓపిక నశించి, “తాతా, ఇవన్నీ ఫ్యాక్టరీ పుస్తకాల్లో ఉంటయి. మీ మనసుల మాట చెప్పండి” అన్నాను.

“గదే చెప్తున్న” అన్నాడు.

ఇక్కడ నా ఫోను గురించి చెప్పుకోవాలి. నా సొంత కష్టంతో కొనుక్కున్న మొదటి వస్తువది. అందులో రెండొందల పద్నాలుగు పాటలుండేవి. రికార్డింగు కాస్త పెద్దదైతే చోటు లేదని తెర మీద మెరిసేది. అందుకని ఇంటికి రాగానే విని, అవసరమైనంత మటుకు సాఫు రాసుకుని, రికార్డింగు తీసేసేదాన్ని. అవసరమైనంత అంటే చక్కెర పోగా మిగిలింది. చక్కెర పోతే ఆదివారానికి ఒకటి రెండు మాటలకంటే మిగిలేవి కావు. అయినా నాకేం బెంగ లేదు, నాలుగున్నర బీరువాల సరుకు నా దగ్గర సిద్ధంగా ఉంది. “వేల్పూర్ దిక్కు” అన్న రెండు మాటలు పసుపు తోటలతో, కోయిలలతో, పేద తల్లి కన్నీళ్లతో కలిసి ఆరు పేజీలయ్యాయి. వేళ్ల మీద కొట్టిన మేస్త్రి “కాఠిన్యం మాటున కరుణను దాచుకున్న గురుమూర్తి” అయ్యాడు. పండ్లు పోయిన సంగతి “కాలమనే కర్కశ హస్తం ఆయన దంతపంక్తిపై సాగించిన దాడి”గా ఒక అధ్యాయమంతా నడిచింది.

ఐదో ఆదివారం అందులోంచి ఒక పేజీ చదివి వినిపించాను. తాత కళ్లు మూసుకుని విన్నాడు. వేళ్లు కలిపి, మెల్లగా విడదీసి, “ముదిరింది” అన్నాడు.

“ఏంది తాతా?”

“పాకం. ముదిరితె గింజ కట్టది బిడ్డ, గడ్డ కడతది. జెర పల్చగ రాయి. ఆడామెకు సమజ్ గావాలె.”

పుస్తకం ఆడవాళ్లే చదువుతారని ఎవరన్నారు అని లోపల నొచ్చుకున్నాను. ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి, సాహిత్యం సంగతి ఆయనకేం తెలుస్తుందిలే అని కూడా అనుకున్నాను. (ఇది రాయడానికి ఇప్పుడు చెయ్యి ఆడటం లేదు. కాని అనుకున్న మాట నిజం.) ఆరో ఆదివారం ఆయనకు జ్వరం. ఏడో ఆదివారం రసం చిక్కబడింది. చివరి ఆదివారం ఆయన గొంతులో ఎన్నడూ లేని హుషారుంది. “ఇగ అసలు ముచ్చట” అని, పాన్ దగ్గరికి వచ్చాడు. పాన్ అంటే మూత బిగించిన పెద్ద గుండు, అందులోనే రసం చక్కెర గింజ కట్టేది, దాని ముందే ఆయన నలభై సీజన్లు నిలబడింది. నాకు బస్సు టైమైంది. నా పుస్తకం అప్పటికే అయిపోయింది, సందేశం ఒక్కటే తక్కువ. మధ్యలో అడ్డుపడి సందేశం అడిగాను. ఆయన ఏదో అన్నాడు. నేను ఫోను ఆపి బ్యాగులో వేసుకున్నాను. సందేశం కూడా నేనే రాసుకున్నాను, బాగా కుదిరింది.

పెత్రమాస నాడు పుస్తకం తీసుకుని పోయాను. యాభై ఎనిమిది పేజీలు, స్పైరల్ బైండింగు, నీలం అట్ట మీద “ఒక శ్రమజ్యోతి జీవనయాత్ర”. ఇల్లంతా చుట్టాలు. కొడుకులు, కోడళ్లు, వేల్పూర్ నుంచి వచ్చిన పెద్దబిడ్డ. అవ్వ ఫోటోకు పూలదండ వేసి, ముందర విస్తరి పరిచి అన్నం, పప్పు, గారెలు, పాయసం వడ్డించారు. “ఆగుండ్రి, సదివినంకనే” అన్నాడు తాత. కొత్త ధోతి కట్టుకుని, మంచం మీద నిటారుగా కూచున్నాడు. నేను నా అలవాటు కుర్చీ ముందు నిలబడి చదవడం మొదలుపెట్టాను.

నా జీవితంలో నాకు దొరికిన మొదటి సభ అది, ఒక్క పేజీ కూడా వదల్లేదు. కోయిలల దగ్గర ఒక కోడలు ఆవలించింది. దంతపంక్తి దగ్గర పెద్దబిడ్డ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “మా బాపు గింత గొప్పోడా? మాకెన్నడు చెప్పనేలేదు” అని పక్కావిడతో అంది. సందేశం చదివి పుస్తకం మూసేసరికి కొడుకు ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. నేను వినయంగా తల వంచుకుని తాత వైపు చూశాను.

“మంచిగున్నది బిడ్డ” అన్నాడు తాత. “ఎవరో గని శాన కష్టపడ్డడు, పాపం.”

అందరూ నవ్వారు. ముసలాయన హాస్యమాడుతున్నాడనుకుని నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. రెండు వేళ్లూ రాసుకుంటూ ఇంకా దేనికోసమో ఎదురుచూస్తున్నాడు.

“చక్కెర ఏది?” అన్నాడు.

“ఏం చక్కెర, తాతా?” అంది టీచరక్క.

“గింతసేపు సదివె, ఒక్క చెరుకుగడ గూడ గేటు దాటకపాయె. ఆమెకు నేను చెప్తనన్నది గదే గదా.” ఆయన చెయ్యి నా తల మీదుగా ఫోటో వైపు చాపాడు. “నలభై సీజన్లు నాకు గేటు కాడికి సద్ది తెచ్చింది. లోపట అడుగు వెట్టలె, ఆడోళ్లను రానియ్యకపోదురు. రోజు ఒక్కటే అడుగుడు. గా మురికి రసంల కెల్లి గింత తెల్ల గింజ ఎట్లొస్తది, ఒక్కసారి సూపియ్యరాదు అని. సీజన్ అయిపోనియ్యె, సూపిస్త అంటి. సీజన్ అయిపోయినంక లోపట సూడనీకి ఏముంటది? కడిగిన తొట్లు. మల్ల సీజన్ వస్తది, మల్ల రానియ్యరు. గట్లనే అయిపాయె. ఫ్యాక్టరీ బందయ్యె, ఆమె వాయె.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “నాకు వరస యాది తప్పుతున్నది బిడ్డ. పూరా పోకముందే కాగితం మీద వెట్టిస్తె, ఏటేట గీనాడు సదివి ఇనిపిస్తరనుకున్న.”

గారెల మీద ఈగ వాలితే ఎవరూ తోలలేదు. టీచరక్క మెల్లగా నా వైపు తిరిగింది. “పోనీ, రికార్డింగులున్నయి గదా చెల్లె. మల్ల రాయొచ్చు.”

“తీసేసిన అక్కా.”

“అన్నీనా?”

“అన్నీ.”

(పాటల సంగతి చెప్పలేదు. ఇవాళ మీకు చెప్పేదాకా ఎవరికీ చెప్పలేదు.) ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది గ్రంథాలయమూ కాదు, గొప్పవాళ్లూ కాదు, ధర్పల్లి బర్రె వంకర కొమ్ము. తిడతాడని చూశాను. తిడితే బాగుండేది. తాత నన్నూ, నా చేతిలో నీలం అట్టనూ చూసి, “కుర్చీ జెర పక్కకు జరుపు బిడ్డ” అన్నాడు. ఆ మాటతో ఎనిమిది ఆదివారాలూ ఒక్కసారిగా నా నెత్తిన పడ్డాయి. “ఇంటున్నవానే” అని ఆయన అడిగింది ఎవరినో, పల్చగా రాస్తే సమజ్ కావలసిన ఆ “ఆడామె” ఎవరో, నేను వింటున్న తాతా అన్నప్పుడల్లా ఎవరి జవాబుకు అడ్డం పడ్డానో, అనంత శూన్యం అని నేను రాసుకున్న చోట ఏముందో అప్పుడు తెలిసింది. కుర్చీ తీసి పక్కన పెట్టి, గోడవారగా నేల మీద కూచున్నాను.

“బాపూ, అన్నం సల్లగైతున్నది” అంది పెద్దబిడ్డ.

“కానియ్యి. ఆమె ఎన్నడు ఏడిది తిన్నది? నేను గేటు కాడికి వచ్చేదాంక నిలవడి, ఇంటికి వొయ్యి సల్లటిదే తినేటిది.” మంచం దిగి, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి, ఫోటో ముందు విస్తరికి ఇవతల కూచున్నాడు. “చెరుకు బండి గేటు కాడికి వచ్చింది అనుకో. గీసారి నిన్ను ఎవ్వరు ఆపరు. నా ఎంబడి రా.”

అలా ఆమెను లోపలికి తీసుకుపోయాడు. కాంటా దగ్గర ఆగి బరువు చూపించాడు. గానుగల దగ్గర కొంగు జాగ్రత్త అన్నాడు. ఆ చప్పుడులో మాట వినబడదని అక్కడ గొంతు పెంచాడు, బయటపడ్డాక మళ్లీ తగ్గించాడు. రసం తొట్ల దగ్గరికి వచ్చి ఒక్కసారి ఆగిపోయాడు. వేళ్లు కూడా ఆగిపోయాయి. చుట్టూ చూశాడు, ఆ చూపులో భయముంది. చివరికి నేల మీద ఉన్న నన్ను చూసి, “సున్నం ముందా, గంధకం ముందా?” అన్నాడు.

“సున్నం, తాతా” అన్నాను. “మూడో ఆదివారం సున్నం. గంధకం నాలుగో ఆదివారం.”

“ఆఁ. సున్నం” అని ఫోటో వైపు తిరిగి, ఏమీ జరగనట్టు నడక అందుకున్నాడు. ఆయన పుస్తకానికి నేను చేసిన సాయం మొత్తం ఆ ఒక్క మాటే. దానికి ఏ బీరువా పనికిరాలేదు.

పాన్ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ కదలడం లేదు. ఆవలించిన కోడలు కూడా ముందుకు వంగి కూచుంది. నోటుబుక్కు నా ఒళ్లోనే ఉంది, పెన్ను మూత తియ్యలేదు. తాత గాలిలోంచి ఒక చుక్క తీశాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, ఫోటో దగ్గరగా తీసుకుపోయి, మెల్లగా, చాలా మెల్లగా విడదీశాడు. ఆ రెండు వేళ్ల మధ్య దారం నాకు కనబడింది. ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను.

“ఇగో, సూడు. గిప్పుడే గింజ కడుతున్నది. గిప్పుడే దించాలె. ఇంకొక్క నిమిషం ఆశపడ్డవా, ముదుర్తది.” దించాడు. చెయ్యి ధోతికి తుడుచుకున్నాడు. “గింతే. గిదే నీ చక్కెర. ఇగ తిను.”

ఆమె తినేదాకా మేమంతా కూచున్నాం. ఆ ఇంట్లో అంత నిదానంగా ఏ పెత్రమాసా జరగలేదని టీచరక్క తరువాత చెప్పింది.

ఆ తరువాత నేను మళ్లీ నాలుగు ఆదివారాలు పోయాను, ప్రశ్నలు లేకుండా. ఫోనులో సగం పాటలు తీసేసి చోటు చేసుకుని మరీ పోవాలనుకున్నాను గాని, ఆ అవసరమే రాలేదు. ఆ నాలుగు ఆదివారాలూ ఫోను ఛార్జింగుకే పెట్టలేదు, పాటలూ తియ్యలేదు. పోయేసరికే ఆయనకు వరస పూర్తిగా తప్పిపోయింది. ఒకసారి చెరుకు బండి గేటు దాటకముందే గింజ కట్టింది. ఇంకోసారి నన్నే అవ్వ అనుకుని, సద్ది తెచ్చినవా అని అడిగాడు. తెచ్చిన అన్నాను. నాకు గుర్తున్నంత వరకు, గేటు నుంచి గింజ దాకా, పల్చగా, రెండు పేజీలు రాసి టీచరక్కకు ఇచ్చాను. మరో రెండు సీజన్లకు ఆయనా పోయాడు (సీజన్లతోనే లెక్క చెప్పడం నాకూ అంటుకుంది). ఆ రెండు పేజీలు ఇప్పటికీ ఏటా పెత్రమాస నాడు ఆ ఇంట్లో చదువుతారు. ఇప్పుడు గోడ మీద రెండు ఫోటోలు. నీలం అట్ట పుస్తకం అటక మీద ఉంది, ఎలుకలు కూడా ముట్టలేదని టీచరక్క నవ్వుతూ చెప్పింది.

ఇప్పుడు నాకు సొంత డీటీపీ సెంటరుంది. పెద్దవాళ్లెవరైనా తమ సంగతులు రాయించుకోవడానికి పిలిస్తే, ముందు వాళ్ల చూపు ఏ గోడ మీద పడుతుందో చూసుకుని, నా కుర్చీ ఆ దారిలోంచి తప్పించి వేసుకుంటాను. నాకు వచ్చిన విద్య అంతే. గ్రంథాలయానికి ఇంకా పోతూనే ఉన్నాను. మిగిలిన ఆ ఒకటిన్నర బీరువాలు ఇప్పటికీ పూర్తి కాలేదు, పైగా చదివేశాననుకున్న నాలుగున్నరా మళ్లీ మొదటినుంచి చదవవలసి వస్తోంది.

మొన్న ఇల్లు సర్దుతుంటే ఆ పాత ఫోను దొరికింది. ఊరికే ఛార్జింగుకు పెట్టి చూస్తే బతికే ఉంది. రెండొందల పద్నాలుగు పాటలూ క్షేమం. వాటి కింద, పేరు లేకుండా, ఇంకొక ముక్క ఉంది. ఆ చివరి ఆదివారం పొడుగు రికార్డింగు ఆపేసి, సందేశం కోసమని విడిగా నొక్కి, బస్సు తొందరలో వినకుండా, తియ్యకుండా మరిచిపోయింది. పదకొండు సెకన్లు. మొదట ఒక పిల్ల గొంతు, చాలా చదువుకున్న గొంతు: “తాతా, ఆ విషయం అలా ఉంచి, నేటి యువతరానికి మీ అమూల్య సందేశం తెలపండి.” ఆ తరువాత ఆయన, మెల్లగా, కోపం లేకుండా: “ఆగు బిడ్డ, గింజ కడుతున్నది.”

ఆ వెంటనే టక్కుమని చప్పుడు. ఆ బటన్ నొక్కింది నేనే. ఎన్నిసార్లు విన్నా ఆ పిల్ల ఆగదు. నాకు నవ్వొస్తుంది, మళ్లీ మొదటినుంచి పెట్టుకుని వింటాను.